లెక్కలో సెకన్లు, లెక్కలో అలసట

గణితం వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చెబుతుందా, లేక వాస్తవానికొక నమూనా మాత్రమే కడుతుందా? ఈ ప్రశ్నను మన రచయితలు శాస్త్రజ్ఞులకు వదిలేశారు. వర్క్‌షాపు కార్మికుడికి మాత్రం ఇది జీతానికి సంబంధించిన ప్రశ్న. సాహిత్యానికీ పరాయిది కాదు. తెలుగులో తొలి గణిత గ్రంథమని చెప్పుకునేది పద్యాల్లోనే ఉంది. పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెనిగిస్తూ జైన ఉదాహరణల చోట శైవ ఉదాహరణలు పెట్టాడు. లెక్కలు చేసే పద్ధతి అదే. లెక్కలోకి వచ్చిన లోకం వేరు. సాహిత్య విద్యార్థులు ఈ సంగతి దగ్గర ఎందుకో ఆగరు.

నమూనావాదం పాతదే. పరమాణువు లెక్కల సౌకర్యానికి పెట్టుకున్న భావన మాత్రమేనన్నాడు ఎర్నెస్ట్ మాక్. రష్యాలో ఆయన అనుయాయులను ఖండిస్తూ లెనిన్ 1909లో పుస్తకం ప్రచురించాడు. ఆ రోజుల్లోనే జీన్ పెరిన్ నీటిలో తేలే సూక్ష్మరేణువులను లెక్కించి, పరమాణువు ఉనికిని శాస్త్రలోకం చేత ఒప్పించాడు. లెక్కకు బయట ప్రపంచం ఉంది, అది లెక్కను సరిదిద్దుతుంది. ఇంతవరకు పేచీ లేదు.

లాలాగూడ వర్క్‌షాపునే చూడండి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో నెలకొల్పింది. బ్రాడ్‌గేజి పెట్టె చక్రం కొత్తగా ఉన్నప్పుడు దాని వ్యాసం 915 మిల్లీమీటర్లు. ఒక్క చుట్టుకు దాదాపు 2.87 మీటర్లు నడుస్తుంది. పట్టాల మీద అరిగి, లేతు మీద మళ్ళీ చెక్కించుకున్నాక ఆ అంకె చెల్లదు. వృత్తం సూత్రం చెల్లుతుంది, వ్యాసాన్ని మాత్రం మళ్ళీ కొలుచుకోవాలి. ఇనుముతో వచ్చిన చిక్కు అంతే.

మనిషి పనిని కొలిచేటప్పుడు చిక్కు వేరు. రైల్వే వర్క్‌షాపుల్లో ‘చిత్తరంజన్ పద్ధతి’ అనే ప్రోత్సాహక వేతన విధానముంది. స్టాప్‌వాచీతో పనిని ముక్కలు ముక్కలుగా కొలిచి, అలసటకూ ఇతర అవసరాలకూ ఇంత శాతమని కలిపి, ఆ పనికి ‘అనుమతించిన కాలం’ కడతారు. సగటు కార్మికుడు అంతకంటే ముందే పని ముగించి 33⅓ శాతం అదనంగా సంపాదించగలిగేటట్టు దాన్ని అమరుస్తారు. ఇది కార్మికుడికి నాలుగు డబ్బులు తెచ్చిపెట్టిన మాట కాదనలేం. కనుకనే విషయం జటిలం. ఇందులో సెకన్లు వాస్తవం. అలసట శాతం ఏ గడియారంలోనూ కనబడదు, బల్ల దగ్గర కూర్చుని నిర్ణయించింది. కాగితం మీదికి ఎక్కేసరికి రెండూ ఒకే జాతి అంకెలైపోతాయి. ఎవరైనా ప్రశ్నిస్తే ‘లెక్క అబద్ధమాడదు’ అనడం, తేడా చూపిస్తే ‘ఇది నమూనాయే కదా’ అనడం ఇలాంటి కొలతలను సమర్థించేవారికి పరిపాటి. రెండు సిద్ధాంతాలూ ఒకే జేబులో ఉంటాయి, అవసరమైంది బయటికి తీస్తారు.

మన కార్మిక కథల్లో చక్రం వస్తుంది, చెమట వస్తుంది, సైరను మోగుతుంది. కాలం కట్టిన కాగితం మాత్రం రాదు. కవులకైతే గణితమంటే హృదయం లేనిదన్న తేలిక తిరస్కారం. అంకెను శపించినంత మాత్రాన దాన్ని వేసిన చెయ్యి కవితలోకి రాదు. అలసటకు కలిపిన ఆ శాతాన్ని ఎవరు, ఎవరిని అడిగి, ఏ నెల ఎండలో, ఏ వయసువాడి పని చూసి వేశారో కనుక్కోవడానికి మన కథకుడొకడు ఆ గేటు దగ్గర షిఫ్టు వదిలే వేళకు నిలబడాలి.