వేళ్ళకు తెలిసింది ఎంత?

మొన్న ఆదివారం ధర్మవరంలో మా చిన్నమ్మ ఉగ్గాని తింటుంటే ఎడమ చెవి ముందర, అక్కడ మాత్రమే, చెమట బొట్లు. "చూడప్పా, నా చెంప కూడా తింటాంది" అని తువ్వాలుతో తుడుచుకుంది.

రెండేళ్ళ కిందటి సంగతి. చెవితమ్మె కింద గడ్డ. మొదట పెసరగింజంత, తర్వాత చింతపిక్కంత. కొలతలు ఆమెవే, మగ్గం మీద తెగిన పోగును చూడకుండా వేలితో పట్టే మనిషి. నొప్పి లేదు గిప్పి లేదు, కోయించుకునేదెందుకని దాటేస్తూ వచ్చింది. చివరికి రైలెక్కించి హిందూపురం తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరు స్కాను పేరెత్తలేదు. రెండు వేళ్ళతో గడ్డను కదిపారు, నోటి లోపల నుంచీ తడిమారు. కళ్ళు గట్టిగా మూయమన్నారు, పళ్ళు చూపమన్నారు, బుగ్గలు ఉబ్బించమన్నారు. "మొహం నరం బాగుంది. ఇది లాలాజల గ్రంథి గడ్డ, ప్లియోమార్ఫిక్ ఎడినోమా అనుకుంటా" అన్నారు. ఐదు నిమిషాల పని. యంత్రం కన్నా వేలే నయమని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. ఆ వారం రాయాల్సింది తిరుగు రైల్లోనే సిద్ధమైంది.

పెనుకొండ స్టేషన్లో అది కాస్తా చెడింది. మామ గుర్తొచ్చాడు.

మామకూ అక్కడే గడ్డ, నా చిన్నప్పుడు. గవదబిళ్ళలనుకుని అవ్వ మెడలో బంగారు గొలుసు వేసింది. నెల్లాళ్ళు గొలుసూ ఉంది, గడ్డా ఉంది. తర్వాత ఒకాయన, పేరెందుకులెండి, చెయ్యి మంచిదని అందరూ చెప్పుకునేవాడే, పనసతొనలో గింజ తీసినట్టు తీసేశాడు. ఊరంతా మెచ్చుకుంది. పన్నెండేళ్ళకు మచ్చ కిందే ఏడెనిమిది గింజలు లేచాయి. మామది ప్లియోమార్ఫిక్ ఎడినోమాయే. ఈ గ్రంథుల్లో ఎక్కువగా వచ్చేది అదే, క్యాన్సర్ కాదు. కానీ దాని పైపొర పల్చన. గింజలా ఒలిస్తే చిట్లి, మిగిలిన కణాలు మళ్ళీ మొలుస్తాయి. చుట్టూ ఉన్న మంచి గ్రంథితో సహా తీయాలి. కష్టమంతా అక్కడే, ఆ గ్రంథి మధ్యలోంచే మొహం నరం ఐదు పాయలుగా చీలిపోతుంది. రెండో కోతలో ఒక పాయ దెబ్బతింది. మామ పోయేదాకా సగం నోటితోనే నవ్వాడు.

ఇక చిన్నమ్మది. సూది గుచ్చి కణాలు తీసి చూశారు. అక్కడా తేలలేదు: బేసల్ సెల్ ఎడినోమా కావచ్చు, ఎడినాయిడ్ సిస్టిక్ అనే క్యాన్సరూ కావచ్చు, సూదికి వచ్చిన చిటికెడు కణాల్లో రెండూ ఒకేలా కనబడతాయట. బెంగళూరులో నరం తప్పించి మొత్తం తీశాక, దాని అంచు పొడుగునా ముక్కలు కోసి మైక్రోస్కోపు కింద పెట్టాక తేలింది. పొర ఎక్కడా దాటలేదు. బేసల్ సెల్ ఎడినోమా. లాలాజల గ్రంథుల గడ్డలు వంద ఉంటే ఇది ఒకటో రెండో, మహా అయితే మూడో.

అంటే హిందూపురం వేళ్ళు చోటు సరిగ్గా చెప్పాయి, పేరు తప్పు చెప్పాయి. సరైన పేరు చెప్పినాయనను మేం చూడనే లేదు. రిపోర్టు కింద సంతకం మాత్రం ఉంది. వేళ్ళ మీద నేను రాసిన కాలమ్‌లలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

చెమట సంగతంటారా, దాన్ని ఫ్రే సిండ్రోమ్ అంటారు. కోతలో తెగిన లాలాజలం నరాలు తిరిగి పెరుగుతూ దారి తప్పి చెమట గ్రంథులను అందుకుంటాయి. ప్రమాదం లేదు.

చెవి కింద నొప్పిలేని గడ్డను ఏళ్ళుగా మోస్తున్నవాళ్ళు ఈ వారమే చూపించుకోండి. ఎప్పుడో కోయించుకున్నవాళ్ళు ఆ పాత రిపోర్టు ఎక్కడుందో వెతికిపెట్టుకోండి.