పాదం చూసి చెప్పొచ్చు

ఆళ్లగడ్డలో ఏ శిల్పశాలకు వెళ్లినా నా చూపు ముందు విగ్రహం కాళ్ల మీదికే పోతుంది. మొహంలో తప్పుంటే కిరీటం, హారాలు, నవ్వు కాస్త కప్పేస్తాయి. చీలమండ దగ్గర చేతగానితనం దాగదు.

మీ కాలే చూసుకోండి. లోపలి చీలమండ ఎముక పైకి ఉంటుంది, బయటిది కిందికి. పిక్క దీనికి తలకిందులు: లోపలి కండ కిందికి జారుతుంది, బయటిది పైనే ఆగుతుంది. ఈ రెండు వాలులూ ఎదురెదురుగా పడితేనే కాలికి జీవం. రెండు పక్కలా సమానంగా చెక్కితే అది కాలు కాదు, మంచం కోడు!

ఒక్క పాదంలో 26 ఎముకలు, 30కి పైగా కీళ్లు. వాటిని, నరాలను బయటపెట్టి చూపడం మన సంప్రదాయం కాదు. మోకాలి కింది భాగాన్ని, అంటే జంఘను, మనవాళ్లు గుడ్లు నిండిన చేపతో పోల్చారు. చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ 1914లో ఇలాంటి పోలికలను బొమ్మలు గీసి మరీ వివరించారు. ఎంత గొప్ప చూపు! పిక్కలో పైన రెండు పాయల కండ, దాని అడుగున బల్లపరుపు కండ. రెండూ కలిసి తాడులా సన్నబడి మడమకు అంటుకుంటాయి. చేప పొట్ట, తోక అవే కదా!

నవతాళం అనే కొలతలో విగ్రహం ఎత్తు 108 అంగుళాలు. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, ముఖం పొడవులో పన్నెండో వంతు. అందులో జంఘకు 24, మోకాలికి 4, పాదం ఎత్తుకు 4. ఇంతవరకే శాస్త్రం చెబుతుంది. ఒళ్లు మూడు చోట్ల వంగే త్రిభంగిలో బరువు మోసే కాలి పిక్క బిగిసి, వదిలేసిన కాలి పిక్క మెత్తబడాలి. నల్లరాతిలో ఆ మెత్తదనం తెచ్చే ఉలికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఈ విద్య అహోబిలం గుడి పనులతోనే ఇక్కడికి వచ్చిందని పెద్దలంటారు. ఏమైనా, దిగువ అహోబిలం మండప స్తంభాలే ఇక్కడి శిల్పికి పెద్దబాలశిక్ష. గణపతి స్థపతి తీర్చిన ఏకశిలా బుద్ధుడు 1992 నుంచి హుస్సేన్‌సాగర్‌లో నిలిచి ఉన్నాడు. ఆ పేరు లోకానికి తెలుసు, తెలియాలి కూడా. మహాబలిపురం పనినీ తక్కువ చెయ్యను. కానీ ఆళ్లగడ్డ చేతుల పేర్లు ఎన్ని పీఠాల మీద ఉన్నాయి?

ఇప్పుడు ఊరూరా కూడళ్లలో అచ్చు పోసిన ఫైబరు గాంధీలు. 1930లో దండి దాకా 24 రోజులు నడిచిన కాళ్లవి! అడుగు వేసేటప్పుడు వెనక మడమ లేవాలి, పిక్క పైకి ముడుచుకోవాలి. అచ్చు బొమ్మలో రెండు అరికాళ్లూ నేలకు అతుక్కుని ఉంటాయి. చేతికర్ర మాత్రం ముందుకు సాగుతుంది. చూస్తే కడుపు మండుతుంది. రాతి పనిలోనూ తొందర చొరబడింది. గ్రైండరు నునుపు చేసి వదిలేస్తే, కాలివేళ్లు అయిదూ ఒకే వరసలో పేర్చిన చిక్కుడు గింజల్లా మిగులుతున్నాయి.

తప్పు శిల్పిది కాదు, మనది. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మురిసిపోతాం, బేరానికి కూర్చుంటే ఫైబరు ధర చెబుతాం. గుడి కమిటీ పెద్దలారా, నంద్యాల జిల్లా దాతలారా! బయానా ఇచ్చేముందు ఒక్కసారి వంగి పాదాలు చూడండి. రేపు ఊరంతా తల ఆనించేది అక్కడే. బేరమాడి మీరు తగ్గించే ప్రతి వెయ్యికీ శిల్పి వదులుకునేది ఆ పాదాల పనే.