పేరు చెప్పని పెనుకొండాయన

ఆ రోజుల్లో హిందూపురం నెట్ సెంటర్లో తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు కనబడేవి. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది గానీ, సీడీ పెట్టి ఇంకొన్ని ఫైళ్లు ఎక్కిస్తే తప్ప అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు. అక్షరం ఒక చోట, ఒత్తు ఒక చోట. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అది మా వీధి దాకా రావడానికి పదిహేనేళ్లు పట్టింది. అమెరికాలో చదువుకునే తెలుగువాళ్లు యూజ్‌నెట్‌లో ఆర్‌టీఎస్ పద్ధతిన ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. మేం ఇంకో దారి పట్టాం. తెలుగును బొమ్మగా చేసి పంపేవాళ్లం.

పగలంతా నేను డీటీపీ సెంటర్లో పెళ్లి పత్రికలు, జాతర కరపత్రాలు అను ఫాంట్లలో కొట్టేవాణ్ని. సాయంత్రం పనయ్యాక పేజ్‌మేకర్‌లో నాలుగు మాటలు కొట్టి, ఫొటోషాప్‌లోకి తెచ్చి, బొమ్మగా మార్చి ఫ్లాపీలో వేసుకుని నెట్ సెంటర్‌కు పోయేవాణ్ని. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. నెట్ గంటకు 20 రూపాయలు. బొమ్మ బరువైతే అది ఎక్కేలోపే డబ్బులు అయిపోతాయి. అందుకే బొమ్మను చిన్నది చేయడమే అసలు విద్య. సైజు తగ్గించేకొద్దీ ‘ట’ లోపలి ఖాళీ పూడిపోతుంది, ‘లో’ ఓత్వం కాస్తా మచ్చలా మిగులుతుంది. అప్పుడు బొమ్మను ఎనిమిది రెట్లు పెద్దది చేసుకుని, ఏ గడి తెల్లగా వదిలితే అక్షరం మళ్లీ ఊపిరి పీల్చుకుంటుందో వెతకాలి. ఒక్కో గడీ మార్చడం, వెనక్కి జరిగి చూడడం, మళ్లీ మార్చడం. ఒక్క ‘ట’ కోసం గంట కూర్చున్న రాత్రులున్నాయి. ఆ గంటకు ఎవరూ డబ్బులివ్వలేదు. ఆ అక్షరం చదివేది ఎవరో కూడా నాకు తెలియదు. అయినా అంత శ్రద్ధగా నేను తర్వాత చేసిన పనులు తక్కువ.

వాటిని పంచుకున్నది ఆర్కుట్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో. అది 2004 జనవరిలో మొదలైంది. మొదట్లో ఎవరైనా పిలిస్తేనే లోపలికి రానిచ్చేవారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలు బెంగళూరు రైలెక్కి చదువులకీ ఉద్యోగాలకీ పోయాక కలుసుకోవడానికి ఒక కమ్యూనిటీ పెట్టుకున్నారు. ఆర్కుట్‌లో ఒక సౌకర్యం ఉండేది: కమ్యూనిటీ పెట్టినవాళ్లు ఒప్పుకుంటే పేరు లేకుండానే రాయొచ్చు. మావాళ్లు ఒప్పుకున్నారు. బొమ్మను వేరేచోట దాచి, దాని లింకు తెచ్చి ఇక్కడ అతికించాలి. అంతే.

ఇదే పద్ధతి జపాన్‌లో ముందే ఉందని చాలా ఏళ్లకు తెలిసింది. అక్కడ 1999లో టూచానెల్, 2001లో ఫుతాబా అనే వెబ్‌సైట్లు వచ్చాయి. ఫుతాబాను చూసి 2003లో క్రిస్టఫర్ పూల్ అనే పదిహేనేళ్ల అమెరికా కుర్రాడు ఫోర్‌చాన్ పెట్టాడు. పేరక్కర్లేదు, బొమ్మ పెట్టి మాట కలుపు. కొత్త బొమ్మలు వచ్చేకొద్దీ పాతవి కిందికి జరిగి చెరిగిపోతాయి. పేరు లేదన్న ధీమాతో అక్కడ జరిగిన చెడుగు కూడా తక్కువ కాదు. మా దాంట్లోనూ హీరోల పేరు మీద బూతులు తిట్టుకున్నారు, ఒకమ్మాయి అవి చూసి ఇటువైపు రావడమే మానేసింది. ఆ సంగతి దాచి, ఆ కాలమంతా బంగారమని రాయలేను.

అయినా ఆ పేరులేనివాళ్లలోనే పెనుకొండాయన ఉన్నాడు.

ఆయన దగ్గర నోకియా 6600 ఉండేది. 640కి 480 గడుల ఫొటో తీసే ఫోను. దాంతో గగన్ మహల్ కిటికీలు, కోట గోడ మీద చెక్కిన బొమ్మలు, బాబయ్య దర్గా ఉరుసు దీపాలు తీసి పెట్టేవాడు. ప్రతి ఫొటో కింద ఇంగ్లిషు అక్షరాల్లో ఒకటి రెండు తెలుగు మాటలు. ఒకసారి తడిసిన రాళ్ల ఫొటో పెట్టి ‘కోటలో వాన’ అని రాశాడు. మా జిల్లాలో వాన విలువ తెలిసినవాళ్లకు ఆ రెండు మాటలు చాలు. నేను ఆ మాటలను తెలుగులో చెక్కి బొమ్మగా పంపాను. మర్నాడు ఆయన దాన్ని ఫొటో కింద అతికించి మళ్లీ పెట్టాడు. అలా రెండేళ్లు సాగింది. ఆయన ఫొటో, నా అక్షరం. మీరెవరని నేనూ అడగలేదు, ఆయనా అడగలేదు.

2006లో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు చూపించే వీవెన్ లేఖిని వచ్చింది, కంప్యూటర్లూ మారాయి, డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. అది మంచిదే, ఎంతో మంచిది. కానీ అక్షరాన్ని బొమ్మగా చెక్కాల్సిన పని తీరిపోయింది. జనం ఫేస్‌బుక్‌కు మళ్లారు. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడింది. మేం బొమ్మలు దాచుకున్న ఉచిత చోటు కూడా ఆ తర్వాత పాతవన్నీ తీసేసింది. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక విజయనగరం దర్బారు పెనుకొండకు తరలివచ్చింది, ఖజానా ఏనుగుల మీద ఎక్కించి తెచ్చారంటారు. మేం ఖాళీ చేతులతో తరలిపోయాం. ఇప్పుడు బెంగళూరు నుంచి ధర్మవరం పోతూ పెనుకొండ స్టేషన్లో రైలు ఆగితే ప్లాట్‌ఫారం మీద నా వయసు మగవాళ్లందరినీ చూస్తాను. కియా ఫ్యాక్టరీ బ్యాడ్జీ తగిలించుకున్నవాళ్లను మరీ పట్టి చూస్తాను.

లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ పేరు మా ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. కప్పు మీద రంగులు వేసినవాళ్ల పేర్లు తెలియవు. అయినా అక్కడి లతా మండపం స్తంభాల మీది తీగలు ధర్మవరం చీరల అంచుల్లోకి దిగి వచ్చాయంటే, ఎవరో ఒకరు వాటిని చూసి మళ్లీ గీశారు కాబట్టే. మా బొమ్మలను మళ్లీ గీసినవాళ్లు లేరు.

పోయిన నెల అటక మీద ఒక సీడీ దొరికింది. పదకొండు బొమ్మలు తెరుచుకున్నాయి, వాటిలో ‘కోటలో వాన’ ఉంది. ఫొటో లేదు, అక్షరాల ముక్క మాత్రమే. దాన్ని ధర్మవరంలో మా బావమరిదికి చూపించాను. ఆయన చీరల డిజైన్లు గ్రాఫు కాగితం మీద గీస్తాడు. ఫోనులో బొమ్మను పెద్దది చేసి, కళ్లద్దాలు పెట్టుకుని, గోటితో గడులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

“ఇది గ్రాఫే కద బావా! అడ్డం 120. జాకార్డుకు 120 హుక్కులు సరిపోతాయి. నిలువు 28, అంటే 28 అట్టలు.”

గ్రాఫు కాగితం పరిచి పెన్సిల్ తీశాడు. ‘కో’ నింపి ‘ట’ దగ్గరికొచ్చాక ఆగి, లోపల నేను తెల్లగా వదిలిన గడిని చూపించి, “ఇది తప్పా, కావాలని వదిలావా?” అన్నాడు.

“కావాలనే వదిలాను.”

అలాగేనని తల ఊపి, తన కాగితం మీద కూడా ఆ గడిని ఖాళీగా వదిలాడు. “మాట ఎవరిది?” అని అడిగాడు.

పెనుకొండాయనది అన్నాను.