సరియైన జవాబు – తప్పు లెక్క

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు గలవు. అందలి లఘుశిలాశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును చెక్కబడినవి. ఒక పంక్తి చదివి, అన్నిటికి నదే పద్ధతి యని తలచువాడు మరియొక పంక్తిలో చిక్కుపడును.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చువారికి మొదట నిచ్చు సీజరు సంకేతలిపి పాఠమునందును ఇట్టి చిక్కే కలదు. జూలియస్ సీజరు ప్రతి అక్షరమునకు మారుగా మూడు స్థానముల తరువాతి అక్షరమును వ్రాసెడివాడని చరిత్రకారుడు సూటోనియస్ తెలిపెను. ఈ పాఠమునకు గుణము లేకపోలేదు. పట్టికను వాడుట, ఒకే పనిని మరల మరల చేయించుట ఇందు సులభముగా బోధపడును. లోపమంతయు ఉదాహరణములో నున్నది.

“క” మొదలు “మ” వరకు గల 25 అక్షరములకు వరుసగా 0 నుండి 24 వరకు సంఖ్యలిత్తము. ప్రతిదానికి 3 కూడినచో “కడప” “ఘతభ” యగును. 3 తీసివేసినచో మరల “కడప” వచ్చును. అంతటితో ప్రోగ్రాము సరియైనదని విద్యార్థి సంతసించును. కాని ఆ మాట అక్షరమాల అంచును తాకనే లేదు.

సీమ రైతు “మడక”ను తీసికొనుడు. “మ” సంఖ్య 24. 3 కూడగా 27. అట్టి అక్షరము లేదు. 25చే భాగించి శేషమగు 2ను, అనగా “గ”ను గ్రహింపవలెను. మాట “గతఘ” యగును. విప్పునపుడు 2 నుండి 3 తీసివేయగా –1 వచ్చును. సి భాషలో పట్టికయందు –1వ స్థానమును వెదకుట నియమవిరుద్ధము. ఏమి వచ్చునో చెప్పజాలము. పైథాన్ భాషలో –1 అనగా పట్టికలోని చివరి అక్షరము. కనుక “మ” యే వచ్చును! లెక్క తప్పినను జవాబు కుదిరినది. ఇదియే మిక్కిలి ప్రమాదకరము. 3కు బదులు 30 వాడి “క”ను విప్పబోయినచో –30వ స్థానము లేదని ప్రోగ్రాము ఆగిపోవును.

కొందరు పట్టికను మాని యూనికోడ్ సంఖ్యలనుండియే 3 తీసివేయుదురు. అందు “న”, “ప”ల నడుమ ఒక స్థానము ఖాళీగా నున్నది. కావున “బ” నుండి “న”కు బదులు ఆ ఖాళీయే లభించును.

మందు సులభమే. తీసివేసిన పిదప 25చే భాగించి శేషమును గైకొనవలెను. సి భాషలో శేషము ఋణసంఖ్య కావచ్చును గనుక, దానికి 25 కూడి మరల శేషము తీయవలెను. ఉపాధ్యాయులు “కడప” సరిగా వచ్చినదని మార్కులు వేయక, “మడక”ను, 30ని ఇచ్చి పరీక్షించుట మేలు.