చెక్క వాసన చెక్కకే మిగలాలి

సిగార్లు దాచే హ్యూమిడర్ మూత తీయగానే ముక్కుకు తగలాల్సింది సీడార్ వాసన. కాస్త తియ్యగా, వెనకాల మిరియపు ఘాటుతో ఉంటుంది. దానికి బదులు ముక్కవాసనో, కలరా ఉండల కంపో, అత్తరు ఘాటో వస్తే పెట్టె పనికిరాదని కొందరు మూలన పడేస్తారు, ఇంకొందరు సబ్బునీళ్లతో కడిగేస్తారు. రెండూ తప్పే. చెడు వాసనను పంపించి, చెక్క సొంత వాసనను నిలబెట్టే పద్ధతి ఉంది. దానికి కావలసింది ఓపిక.

లోపలి పలకలు సాధారణంగా సెడ్రెలా ఒడొరాటా చెక్కతో చేస్తారు. వాడుకలో స్పానిష్ సీడార్ అంటారు. మధ్య అమెరికాలో, కరీబియన్ దీవుల్లో పెరిగే చెట్టు. మన వేపకూ మహాగనికీ చుట్టం. హవానా కర్మాగారాల్లో కొత్తగా చుట్టిన సిగార్లను సీడార్ బీరువాల్లో కొన్నాళ్లు ఆరనిస్తారు. పొగాకు ఊరేటప్పుడు పుట్టిన అమోనియా, అదనపు తడి అక్కడే వదులుతాయి. ఇంట్లో పెట్టుకునే పెట్టె ఆ బీరువాకు చిన్న రూపం. అందుకే బయట ఎంత నునుపుగా పాలిష్ చేసినా లోపల వార్నిష్ పూయరు. ఆ పూత లేని చెక్క తేమను పీలుస్తూ, వదులుతూ లోపలి తేమ 65 నుంచి 70 శాతం దగ్గర నిలవడానికి తోడ్పడుతుంది. అదే గుణం వల్ల పక్కనున్న ప్రతి వాసననూ పట్టేస్తుంది.

అందుకే ముందు ఆ కంపు ఎక్కడిదో తేల్చుకోవాలి. ముక్కు దగ్గర పెట్టి ఒక్కో మూలా విడిగా చూడాలి. అమోనియా ఘాటైతే తప్పు పెట్టెది కాదు, ఇంకా పచ్చిగా ఉన్న సిగార్లది. వాటిని తీసి, మూత తెరిచి ఉంచితే చాలు. ముక్కవాసనైతే చాలాసార్లు తేమ పెట్టే స్పాంజే దొంగ. కుళాయి నీళ్లు పోస్తూ వస్తే అందులో బూజు పుడుతుంది. దాన్ని శుభ్రం చేయాలని చూడకుండా పారేసి కొత్తది పెట్టాలి. కొత్త పెట్టెలో జిగురు, రంగు వాసన వస్తే గాలే మందు.

తర్వాత అన్నీ ఖాళీ చేసి, అరలు ఊడదీసి, పొగాకు పొడి దులిపి, మూత బార్లా తెరిచి నీడలో గాలి ఆడే చోట పెట్టాలి. దేనికైనా ఎండ చూపించడం మనకు అలవాటు. ఇక్కడ నడినెత్తి ఎండ పనికిరాదు. పలుచని చెక్క పొరలు వంకర తిరుగుతాయి, అతుకులు విడిపోతాయి. పొద్దుటి లేత ఎండ కాసేపైతే పరవాలేదు. హైదరాబాద్ వేసవి పొడిగాలికి ఈ పని బాగా సాగుతుంది. విశాఖలో వానాకాలమైతే తెరిచిన పెట్టెకు కొత్త బూజు పట్టే ప్రమాదం ఉంది. ఫ్యాన్ గాలి తగలాల్సిందే.

బూజు మచ్చలకూ, చెక్క కార్చిన జిగట బంకకూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు. గుడ్డను తడిపి గట్టిగా పిండి, పోగుల వెంట తుడవాలి. చెక్క మీద పోయకూడదు. దగ్గర్లో మంట ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. ఆ వాసన పూర్తిగా ఎగిరిపోయేదాకా ఆగాలి.

అప్పటికీ కంపు వదలకపోతే వెడల్పాటి గిన్నెలో వంటసోడా పోసి లోపల పెట్టి మూత వేస్తారు. పుల్లటి వాసనలను అది బాగా లాగుతుంది. కలరా ఉండల మీద దాని ప్రభావం అంతంతమాత్రం. అక్కడ యాక్టివేటెడ్ బొగ్గు నయం. దాని సూక్ష్మ రంధ్రాల గోడలకు నాఫ్తలీన్ ఆవిరి అంటుకుపోతుంది. బొగ్గు మారుస్తూ, మధ్యమధ్యలో గాలికి పెడుతూ వారాల తరబడి చేయాలి.

కాఫీ పొడి పెట్టమనే సలహాను నేను ఒప్పుకోను. ఒక కంపు మీద ఇంకో వాసన కప్పడమే అది. ఆ కాఫీ వాసన రేపు సిగార్‌లోకీ ఎక్కుతుంది. సాంబ్రాణి పొగా అంతే, పూజగదికి ఎంత మంచిదైనా ఇక్కడ వద్దు.

ఇవేవీ పనిచేయనప్పుడే గరుకు కాగితం. 220 నంబరుది తీసుకుని పైపొర లేచేంత తేలిగ్గా, పోగుల దిశలో రుద్దాలి. అడుగున తాజా చెక్క బయటపడగానే అసలు సీడార్ వాసన మళ్లీ లేస్తుంది. చెక్క పొర మరీ పలుచగా ఉన్న పెట్టెలకు మాత్రం ఇది చేయకూడదు, అడుగు తేలిపోతుంది.

ఇంత శ్రమ ఎందుకంటారా? మంచి పెట్టె తరాలు దాటుతుంది. హాస్యనటుడు మిల్టన్ బెర్లే 1961లో జాన్ కెన్నెడీకి బహూకరించిన హ్యూమిడర్ 1996 సదబీస్ వేలంలో 5,74,500 డాలర్లు పలికింది. సిగార్ ఆరోగ్యానికి చేటే. ఆ పెట్టెలోని పనితనం మాత్రం కాపాడుకోదగ్గది, అందులో మీరు దాచేది ఏదైనా.

వాసన పోయాక ఎండిపోయిన చెక్కకు మళ్లీ తేమ పట్టించాలి. 84 శాతం తేమనిచ్చే ప్యాకెట్లు లోపల పెట్టి మూత వేసి రెండు వారాలు ముట్టుకోకూడదు. ఆ తర్వాత ఖరీదైనవి పెట్టకుండా, ముందు చవక సిగార్ ఒకటి లోపల ఉంచి కొన్నాళ్లకు తీసి వాసన చూడాలి. దానికి పొగాకు, సీడార్ తప్ప మరేదీ అంటకపోతే మిగతావి సర్దుకోవచ్చు.