వ్రేలిముద్ర యంత్రము - జీడిపిక్కల చేతులు

వృద్ధులు తమ ఇంటనే స్వతంత్రముగ జీవించుటకు ఉపకరించు యంత్రములు అనగానే, పడిపోయినపుడు గంట మ్రోగించు గొలుసులు, మందు వేళను తెలుపు పెట్టెలు మన తలపునకు వచ్చును. పాశ్చాత్య దేశములలో వీనికి పెద్ద వ్యాపారమే ఉన్నది. కాని పలాస నుండి ఇచ్ఛాపురము వరకు గల ఉద్దానపు పల్లెలలో, కొడుకులు పనికై దూరదేశములు పోగా ఒంటరిగ మిగిలిన ముసలివారి గడప త్రొక్కిన యంత్రము వేరు. అది అరచేతిలో ఇముడు వ్రేలిముద్ర పరికరము. నెలనెలా పింఛను చేతికి అందుటకు అదే ద్వారము. ఆ యంత్రమును గూర్చి కొంత మెప్పును, కొంత విమర్శను ఇచట చెప్పవలసియున్నది.

మెప్పుతోనే ప్రారంభింతము. ఒకప్పుడు పింఛను కొరకు పంచాయతీ కార్యాలయము వద్ద బారులు తీరి కూర్చుండవలసి వచ్చెడిది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఏర్పడినవి. 2020 ఫిబ్రవరి 1 నుండి వాలంటీర్లు పింఛను సొమ్మును ఇంటికే తెచ్చి ఇచ్చిరి. 2024 జూలై 1న వృద్ధాప్య పింఛను రూ. 4,000 కాగా, నాటి నుండి సచివాలయ ఉద్యోగులు ఆ పనిని చేపట్టిరి. నడుమ 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల నియమావళి కారణమున వాలంటీర్లను తప్పించినపుడు, మంచము పట్టినవారు మొదలగు కొందరు తప్ప తక్కినవారు ఎండలో సచివాలయములకు నడువవలసి వచ్చినది. ఇంటికి వచ్చు పింఛను విలువ ఏమిటో ఆ ఒక్క నెల తెలిపినది. మూత్రపిండ వ్యాధి ఇంటింటిని తాకిన ఈ ప్రాంతమున, ఆ నాలుగు వేలు బియ్యమునకు, మందులకు, ఒకరి మీద ఆధారపడకుండుటకు చాల అవసరము.

ఇక యంత్రము సంగతి. వ్రేలిని గాజు పలకపై నుంచినపుడు లోపలినుండి కాంతి పడును. చర్మము తాకని చోట ఆ కాంతి సంపూర్ణాంతర పరావర్తనము చెంది తిరిగి వచ్చును. చర్మపు గట్లు తాకిన చోట ఆ పరావర్తనము భగ్నమై నల్లని గీత ఏర్పడును. పదవ తరగతిలో కాంతి పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. ఇట్లు ఏర్పడిన బొమ్మలో గీతలు ఎచట తెగినవో, ఎచట రెండుగ చీలినవో గుర్తించి, ఆధార్ నమోదునాడు ఇచ్చిన ముద్రతో పోల్చెదరు. పోల్చుట గడపలో జరుగదు. ఎక్కడో దూరమున నున్న కేంద్రములో జరిగి, ఔను లేక కాదు అను జవాబు తిరిగి వచ్చును.

ఈ ఏర్పాటులో ఒక భావన దాగియున్నది. గట్లు స్పష్టముగ నుండవలెను, చర్మము కొంచెము తేమగ నుండి గాజును అంటవలెను. పుస్తకము పట్టు చేతికి ఇది సహజము. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టు చేతికి కాదు. జీడిపిక్క పెంకులో ఘాటైన నూనె కలదు. అందులోని అనకార్డిక్ ఆమ్లము, కార్డాల్ అను పదార్థములు చర్మమును పొక్కించి నల్లబరచును. చర్మము ఊడి మరల వచ్చును, మరల పొక్కును. గట్ల నమూనా లోపలి పొరలో ఉండుటచే కొంత కాలము విశ్రాంతి ఇచ్చిన గీతలు తిరిగి తేరును. కాని ముప్పదియేండ్లు ఆ పనిలోనే గడపిన స్త్రీకి విశ్రాంతి ఎచటిది? చేతులకు నూనె, బూడిద పూసికొని పని చేయువారిని చూచిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. తెలియనిది యంత్రమును రూపొందించినవారికి మాత్రమే.

టెక్కలిలో నల్లరాయి చెక్కువారి చేతులు, నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేయువారి చేతులు, తీరమున వలలాగువారి చేతులు కూడ ఇట్టివే. వీనికి వయస్సు తోడగును. వృద్ధాప్యమున చర్మము పలుచనై, సాగుదనము కోల్పోయి, పొడిబారును. గట్ల ఎత్తు తగ్గును. గాజు పలకకు అట్టి వ్రేలు ఒక మసకమచ్చ. “మామ్మా, ఇంకో వేలు పెట్టు, తుడిచి పెట్టు” అనుట మొదలగును. ఎవరు జీవితమంతయు చేతులతో ఎక్కువ పని చేసిరో, వారినే ఈ యంత్రము తక్కువగ గుర్తించును. నా విమర్శలో ముఖ్యమైనది ఇదే.

ఇచట ఒక చిన్న చరిత్ర చెప్పుట అప్రస్తుతము కాదు. వ్రేలిముద్రకు, పింఛనుకు సంబంధము నేటిది కాదు. 1877లో బెంగాలులోని హుగ్లీ జిల్లాలో విలియం హెర్షెల్ అను అధికారి, పింఛనుదారు మరణించిన పిమ్మట బంధువులు ఆ సొమ్ము తీసికొనకుండుటకై పింఛనుదారుల ముద్రలను తీయించెను. తన ముద్రలనే అర్ధ శతాబ్దికి పైగ అప్పుడప్పుడు తీసికొని, అవి మారవని చూపెను. నిజమే, మారలేదు. కాని అవి కలము పట్టిన చేతి ముద్రలు. ఆ ఋజువును జీడిపిక్కల చేతికి యథాతథముగ అన్వయించుట శాస్త్రము కాదు, తొందరపాటు.

అయిన యంత్రమును సడలించిన సరిపోదా అని విద్యార్థి అడుగవచ్చును. ఇచట ఒక చిక్కున్నది. సరిపోలిక ఎంత ఉన్న ఔను అనవలెనో ఒక గీటు నిర్ణయింపవలెను. గీటు తగ్గించిన కానివానిని ఔననును. పెంచిన నిజమైనవానిని కాదనును. రెండు తప్పులను ఒకేసారి తగ్గించుటకు స్పష్టమైన ముద్ర కావలెను, అది మనకు లేదు. వేయిమంది గల ఊరిలో నూటికి ఇద్దరిని యంత్రము కాదనెననుకొందము. లెక్కలో 98 శాతము విజయము. ఊరిలో ఇరువది మంది ముసలివారు. వీరు ఏ నెలకానెల మారువారు కారు. అవే అరిగిన వ్రేళ్ళు కావున ప్రతినెల వారే. సగటు ఈ సంగతిని దాచును. దొంగను ఆపుటకు పెట్టిన గీటుకు కలుగు నష్టమును దొంగ కాని ముసలివారు భరింపవలసి వచ్చుచున్నది.

మార్గాంతరములు లేకపోలేదు. ఆధార్ సంస్థ ఐరిస్ అను కంటి రంగు వలయమును, ముఖమును గుర్తించుటకు అనుమతించుచున్నది. ఇవి వ్రేలికంటె మేలు; జీడి నూనె కంటిని అరగదీయదు. కాని కంటి శస్త్రచికిత్స, వ్రాలిన రెప్పలు, మసకవెలుతురు ఇచట కూడ అడ్డువచ్చును. అన్నిటికంటె చక్కని ప్రయోగము, ఎవరును ప్రయోగమని తలపకయే, 2020 ఏప్రిల్ 1న జరిగినది. కోవిడ్ అంటు భయముచే వ్రేలిముద్రను ప్రక్కనబెట్టి, పింఛనుదారు ఫొటోను చోటు గుర్తుతో తీసికొని సొమ్ము ఇచ్చిరి. సొమ్ము అందినది. ముద్ర లేనిదే పని సాగదను మాటకు అది సమాధానము. ఇంటికి వచ్చిన మనిషి ముసలివారిని పేరుతో ఎరుగును. ఆ ఎరుకకు విలువ లేకుండ చేసినది యంత్రము కాదు, యంత్రము మాటయే తుదిమాట అను నియమము.

తీరపు సంగతి కూడ మరువరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలులతో పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు నేలకూలినవి. కరెంటు, ఫోను తెగిపోయినవి. దూరపు కేంద్రము ఔననిన గాని కదలని పద్ధతి అట్టి దినములలో ఏ ముసలివారికి పనికివచ్చును? సొమ్ము అత్యవసరమైనది సరిగ్గా ఆ దినములలోనే.

కావున యంత్రమును పారవేయుమనుట లేదు. ముద్ర మొదటి ప్రయత్నమున సరిపడనిచో, వ్రేళ్ళన్నిటిని అరగదీయక వెంటనే ఫొటోకు, సాక్షి సంతకమునకు మారవలెను. ప్రతి నిరాకరణను యంత్రపు తప్పుగ లెక్కించి, ఊరివారీగ, వృత్తివారీగ ప్రతినెల ప్రకటింపవలెను. ఆ పట్టికలో కాశీబుగ్గ వీధులు పై వరుసన ఉండునని నా అంచనా. అంచనా తప్పయిన సంతోషింతును.

ఉపాధ్యాయులు తరగతిలో చేయదగిన పరీక్ష ఒకటి కలదు. స్టాంపు ప్యాడు, తెల్ల కాగితము, ఒక భూతద్దము చాలును. ప్రతి విద్యార్థియు తన బొటనవ్రేలి ముద్రను, ఇంటనున్న మామ్మ లేక తాత ముద్రను, వారు ఇష్టపడినచో, ప్రక్కప్రక్కన వేయవలెను. ఒక చదరపు సెంటీమీటరు గడి గీసి, అందులో గీతలు తెగిన చోట్లు, చీలిన చోట్లు ఎన్ని స్పష్టముగ కనబడునో లెక్కింపవలెను. పెద్దవారు చేసిన పని ఏమిటో ప్రక్కన వ్రాయవలెను. లెక్క ముగిసిన పిమ్మట కాగితములను ఉపాధ్యాయుడు అందరి యెదుట కాల్చివేయుట మంచిది.