మరీచి పక్కన సుడి

ముడుమాల్‌లో గుంటల రాయి ముందు నిలబడి మొదట నేను ఏమీ పోల్చుకోలేదు. వెలుతురు ఏటవాలుగా పడితేనే ఒక్కో గుంటలో ఇంత నీడ నిలిచి ఆకారం తేలుతుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నారాయణపేటలో కృష్ణ ఒడ్డున ఉందీ చోటు. ఊరివాళ్లకు ఇక్కడి రాళ్లు నిలువురాళ్ల తిమ్మప్ప. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఈ గుంటల్లో సప్తర్షి మండలం ఉందని గుర్తుపట్టింది హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు ఆచార్యులు కె.పి. రావు. ముందు రెండు చుక్కల్ని కలిపి గీత సాగదీస్తే ధ్రువ నక్షత్రం వైపు పోతుందంటారాయన.

ఆ మండలంలో తోక చివరివాడు మరీచి. పెళ్లిళ్లలో అరుంధతిని చూపించేటప్పుడు మనం వెతికే వసిష్ఠుడికి పక్కవాడే. మరీచి నుంచి మూడున్నర డిగ్రీలు, అంటే చాచిన చేతికి రెండు వేళ్ల వెడల్పు దాటితే మెస్సియే 51 అనే గెలాక్సీ. బైనాక్యులర్‌లో పొగమరక. 1773లో ఖగోళవేత్త మెస్సియే చూసిందీ అంతే.

దాన్ని సుడిగా మొదట చూసినవాడు ఐర్లాండ్‌లోని లార్డ్ రాస్, 1845లో. ఆయన టెలిస్కోప్‌లోని ఆరడుగుల అద్దంలో గాజు లేదు. మన కంచులో పడే రాగి, తగరమే, తగరం పాలు మాత్రం బాగా ఎక్కువ. గాజులాగే పగిలే గుణం. పైగా త్వరగా మసకబారేది. అందుకే రెండు పోతపోయించాడు, ఒకటి మెరుగుపెడుతుంటే ఇంకొకటి పనిలో ఉండేలా. ఫొటో లేదు, కన్నూ పెన్సిలే. అయినా ఆ బొమ్మలో చేతుల వంపు, పక్కనున్న చిన్న గెలాక్సీ వైపు సాగిన కొస ఉన్నాయి. నన్నడిగితే ఇప్పటి రంగుల ఫొటోలకన్నా ఆ పెన్సిల్ గీతే గొప్ప పని.

ఫొటోవాళ్ల పనినీ తక్కువ చెయ్యలేం. నిమిషాల లెక్కన తీసిన పదుల ఫొటోల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, గరుకుదనం తగ్గేదాకా కూర్చోవాలి. అప్పుడొక వివరం బయటపడుతుంది: సుడి చేతిలోని ధూళి, చిన్న గెలాక్సీకి అడ్డంగా నల్లటి చారలా పోతుంది. చిన్నది వెనక ఉంది, పెద్దది ముందు. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఏది దేని వెనకో తేల్చేది ఆ చారే.

మే నెల నడిమిలో, చంద్రుడు లేని రాత్రి, పది దాటాక ఉత్తరం వైపు తల బాగా ఎత్తి చూడండి. ముడుమాల్ నుంచి మెస్సియే 51 అరవై డిగ్రీల ఎత్తున ఉంటుంది.